కుడి కార్బురేటర్‌ని నమ్మి తప్పు చేశాను: ఒక రాజ్‌దూత్ 350 కేసు

బండి పంటు మీద వచ్చింది. నర్సాపురం రేవులో ఎక్కి, గోదావరి వశిష్ఠ పాయ దాటి, సఖినేటిపల్లి ఒడ్డున దిగి, మలికిపురంలో మా ఇంటి ముందుకు వచ్చేసరికి సాయంత్రమైంది. యాక్సిలరేటర్ వదలగానే రెండు మూడుసార్లు దగ్గి ఆగిపోయింది.

"స్లోలో ఒక పక్కే మోగుతోందండీ మేష్టారూ. రేజ్ చేస్తే రెండూ అందుకుంటాయి, వదిలితే ఎడమది పడుకుంటుంది. ముగ్గురికి చూపించానండి. ముగ్గురూ కార్బురేటర్ కడిగారు."

బండి తెచ్చిన ఈ కుర్రాడిది రొయ్యల మేత వ్యాపారం. బండి తండ్రిది. జపాన్ యమహా ఆర్‌డీ 350ని ఎస్కార్ట్స్ కంపెనీ 1983 నుంచి మన దేశంలో రాజ్‌దూత్ పేరుతో తయారుచేసింది. 347 సీసీ, టూ స్ట్రోక్, రెండు సిలిండర్లు, ఆరు గేర్లు. జపాన్ బండికి ముందు డిస్క్ బ్రేకు ఉంటే మనవాళ్లు డ్రమ్ము పెట్టారు. మొదట వచ్చినవి 30.5 హార్స్‌పవర్. పెట్రోలు తాగేస్తోందన్న గోల మీద తర్వాత తగ్గించినవి 27. ఇది ఆ రెండో రకం. మన కేసుకు కావలసిన ముక్క ఒక్కటే: పెట్రోలునీ గాలినీ కలిపి పంపే కార్బురేటర్ ఒక్కో సిలిండర్‌కి ఒక్కోటి, పైన ఒక్కటే యాక్సిలరేటర్ కేబుల్. అది మధ్యలో చీలి రెండు స్లైడ్లనూ (కార్బురేటర్‌లో గాలి దారిని తెరిచి మూసేవి), ఆయిల్ పంపునూ లాగుతుంది.

నేను ఐటీఐలో మోటార్ మెకానిక్ ట్రేడు చెప్పి రిటైరైనవాణ్ని. షెడ్డంటూ లేదు. వసారాలో పాత టేకు బల్ల మీద తెల్ల పంచె పరిచి పని చేస్తాను. స్ప్రింగో లాకో జారిపడితే తెల్లగుడ్డ మీద దొరుకుతుంది, గచ్చు మీద పడితే చీమలతో పాటు వెతుక్కోవాలి. ఈ కేసులో మధ్యలో నేనొక పొరపాటు చేశాను. అది రాయడానికే కూర్చున్నాను.

దిగగానే ప్లగ్గులు విప్పించాను. కుడిది చక్కని బిస్కెట్ రంగు. ఎడమది సున్నం కొట్టినట్టు తెల్లగా ఉంది, అంటే ఆ పక్క పెట్రోలు తక్కువ, గాలి ఎక్కువ. టూ స్ట్రోక్‌లో దీన్ని తేలిగ్గా తీసుకోకూడదు. పిస్టన్‌కి నూనె అందేది ఆ పెట్రోలు గాలితోనే. అది పలచబడితే వేడి పెరుగుతుంది, పిస్టన్ పట్టేస్తుంది. మర్నాడు పొద్దున్నే చల్లటి ఇంజన్ స్టార్ట్ చేసి రెండు నిమిషాలు స్లోలో పెట్టాను. కుడి సైలెన్సర్ మెడ చెయ్యి పెట్టనివ్వలేదు. ఎడమది గోరువెచ్చగా కూడా లేదు.

కార్బురేటర్ విప్పే ముందు దాని తప్పు కానివన్నీ తీసేయాలి. ప్లగ్గులు, ప్లగ్ క్యాపులు అటూ ఇటూ మార్చాను. తప్పు ఎడమ పక్కనే ఉండిపోయింది. స్పార్కు పుట్టించే పాయింట్లు తుడిచి గ్యాప్ సరిచేశాను, తేడా లేదు. కంప్రెషన్ రెండు పక్కలా దగ్గర దగ్గరగా ఉంది. ఇక మిగిలింది గాలి లీకు. టూ స్ట్రోక్ ఇంజన్‌లో క్రాంక్ గది కూడా గాలి పీల్చే గదే. దాని సీలో, కార్బురేటర్‌కీ ఇంజన్‌కీ మధ్య ఉండే రబ్బరో చిట్లితే, ఎన్ని జెట్లు (పెట్రోలును కొలిచి వదిలే సన్న కన్నాల ఇత్తడి ముక్కలు) మార్చినా ఆ పక్క పలచగానే ఉంటుంది.

దీనికి నేను వాడేది ఇంట్లో ఉన్న బీపీ మిషను. నాకోసం కొన్నదే, నాకన్నా బళ్లకే ఎక్కువ వాడుతున్నాను. సైలెన్సర్ తీసి ఆ నోటిని పాత ట్యూబు ముక్క, చెక్క బిరడాతో మూయాలి. కార్బురేటర్ తీసేసి, ఆ రబ్బరు నోట్లో కన్నం పెట్టిన బిరడా బిగించి, కన్నంలోంచి బీపీ మిషను గొట్టం లోపలికి పంపాలి. ప్లగ్గు దాని చోట ఉండాలి. బల్బు నొక్కుతూ ముల్లును 250కి తెచ్చి వదలాలి. 250 మిల్లీమీటర్ల పాదరసం అంటే దాదాపు 5 పీఎస్‌ఐ, ఈ సీళ్లకు అంతకన్నా అక్కర్లేదు. కుడి పక్క ముల్లు బద్ధకంగా దిగింది. ఎడమ పక్క నేను వాచీ చూసుకునేలోపే సున్నాకి వచ్చింది. సబ్బు నీళ్లు పూస్తే రబ్బరు అడుగున, కంటికి కనబడని చోట, బుడగలు పుట్టాయి. చేత్తో వంచితే పగులు నోరు తెరిచింది. మునుపటి ముగ్గురు మెకానిక్కులు కార్బురేటర్ పెట్టిన ప్రతిసారీ ఆ రబ్బరు మీదే క్లిప్పు ఇంకాస్త గట్టిగా బిగించి ఉంటారు.

చెన్నై పుదుపేటలో పాత బళ్ల సామాన్లు అమ్మే ఒకాయన్ని అడిగి రబ్బర్ల జత తెప్పించాను. అవి వచ్చేలోపు గోదావరికి వరద తగిలింది, పంటు ఆపేశారు. దాంతో బండి నా దగ్గరే ఉండిపోయింది, నాకు తొందర తప్పింది. చించినాడ వంతెన మీదుగా చుట్టు తిరిగి రావచ్చుగానీ, కుర్రాడికి అది రొయ్యల పట్టుబడి రోజుల హడావిడి. కొత్త రబ్బర్లు వేశాక ఎడమ పక్క ముల్లు 250 నుంచి 240కి దిగడానికి అయిదు నిమిషాలు పట్టింది. క్రాంక్ సీళ్లు బాగున్నాయన్నమాట.

ఇక కార్బురేటర్లు. రెండూ ఒకేసారి విప్పకూడదు. ఒకటి మొత్తం విప్పి, కడిగి, కొలిచి, బిగించాకే రెండోది ముట్టుకోవాలి. నీడిళ్లు (స్లైడుకు వేలాడుతూ జెట్టు దారిలోకి దిగే సూదులు), స్లైడ్లు కలిసిపోతే ఏది దేనిదో తేల్చడం కష్టం. ముందు ఎడమది.

ఫ్లోట్ గిన్నె (తేలే ఫ్లోట్ పెట్రోలు మట్టం చూసే అడుగు గిన్నె) తీయగానే కారణం సగం కనబడింది. అడుగున తెల్లటి పొడి, జెట్ల చుట్టూ చిలుం. బండి ఎనిమిది నెలలు కదలకుండా ఉందట. ఈ రోజుల పెట్రోలుకి ఎనిమిది నెలలు చాలా ఎక్కువ. 20 శాతం ఇథనాల్ కలిపిన పెట్రోలు 2023లో మొదలై రెండేళ్లలో మన బంకులన్నిటికీ వచ్చేసింది. ఇథనాల్ గాలిలోని తేమను లాక్కుంటుంది. మన కోనసీమలో తేమకు కరువా? శ్రావణమాసంలో ఉప్పు డబ్బా మూత తీసి పెడితే సాయంత్రానికి ఉప్పు కారిపోతుంది. తేమ ఎక్కువైనప్పుడు ఇథనాలూ నీళ్లూ కలిసి పెట్రోలునుంచి విడిపోయి అడుగుకి దిగుతాయి. ఫ్లోట్ గిన్నెలో అడుగంటే జెట్టు ఉండే చోటే. కార్బురేటర్ బాడీ జింకు కలిసిన లోహం, ఆ నీళ్లకు అది తెల్లగా పూస్తుంది. పాత రకం రబ్బరు ఓ రింగులు ఇథనాల్‌కి ఉబ్బి, ఆరాక గట్టిపడి పగులుతాయి. అందుకే ఇప్పుడు పాత బండి దేనికైనా ఇథనాల్‌ని తట్టుకునే విటాన్ రబ్బరు ఓ రింగులే వేస్తున్నాను.

ఇక్కడొక మాట. ఇత్తడి బిందెలకు అలవాటైన చేతులు కార్బురేటర్‌నీ చింతపండు పులుసులోనో నిమ్మ ఉప్పులోనో నానేస్తాయి. పైకి మిలమిలలాడుతుంది. కానీ ఆ పులుపు జింకును తినేస్తుంది, సన్నటి దారుల గోడలు గరుకవుతాయి, ఆరు నెలల్లో ముందుకన్నా ఎక్కువ పొడి పడుతుంది. ఎయిర్ స్క్రూ (స్లోలో గాలి ఎంత పోవాలో సరిచేసేది) కూర్చునే మొన అరిగితే ఆ కార్బురేటర్ ఇక పనికిరాదు. నేను ముందు కార్బురేటర్ క్లీనర్ స్ప్రే కొట్టి ఒక రాత్రి వదిలేస్తాను. తర్వాత నగల దుకాణంలో గొలుసులు కడిగే అల్ట్రాసోనిక్ మిషను అరువు అడుగుతాను. మా ఊళ్లో ఒక కంసాలి ఇస్తాడు, దుకాణం కట్టేసే వేళకి వెళ్లాలి, పెట్రోలు వాసన లేకుండా ముందే సబ్బుతో కడుక్కుని వెళ్లాలి. ఇరవై నిమిషాలు వేడి నీళ్లలో నడిపితే నీళ్లు బియ్యం కడిగిన కుడితిలా అయ్యాయి.

ఎయిర్ స్క్రూ కన్నం లోపల గట్టిపడిపోయిన ఓ రింగు ముక్క ఇరుక్కుని ఉంది. స్క్రూడ్రైవర్‌తో పొడిస్తే కన్నం గీరుకుపోతుంది. మా ఆవిడ పుట్టిల్లు నర్సాపురం పక్క. లేసు అల్లే కొక్కెం సూది ఒకటి ఇచ్చింది. ఒక్క మెలికతో ముక్క బయటికి వచ్చింది. ఆ సూది ఇప్పుడు నా టూల్ కిట్‌లో ఉంది, అడిగినా ఇవ్వడంలేదని ఇంట్లో ఫిర్యాదు.

స్లో సర్క్యూట్ తెరుచుకుందో లేదో తెలుసుకోడానికి ఊహలక్కర్లేదు. స్లోకి పెట్రోలు ఇచ్చే పైలట్ జెట్ కన్నంలో స్ప్రే గొట్టం పెట్టి కొడితే, స్లైడు కింద ఉన్న రెండు సన్న రంధ్రాల్లోంచీ రావాలి. ఒకటి స్లోకి, రెండోది యాక్సిలరేటర్ కొంచెం తెరిచినప్పుడు అందుకోడానికి. మొదటిసారి కొడితే ఒకదాంట్లోంచే వచ్చింది. స్లోది మూసుకుపోయి ఉంది. ముగ్గురు కడిగారు, ముగ్గురూ గిన్నె వరకే కడిగారు. కరెంటు వైరులోని రాగి పోగు ఒక్కటి తీసి మెల్లగా తిప్పాను. రాగి ఇత్తడి కన్నా మెత్తన, కన్నం పెద్దది చేయదు. తర్వాత మళ్లీ మిషనులో వేశాను. ఈసారి రెండు దారులూ సమానంగా చిమ్మాయి.

కుడి కార్బురేటర్ విప్పితే చూడముచ్చటగా ఉంది. గిన్నెలో పొడి లేదు, రెండు రంధ్రాలూ తెరిచే ఉన్నాయి, ప్లగ్గు రంగు సరే సరి. అక్కడే నా బుద్ధి గడ్డి తిన్నది.

ఒక కార్బురేటర్ ఉన్న బండికి కొలతలు పుస్తకంలో వెతుక్కోవాలి. రెండున్న బండిలో బాగా నడిచేదాన్ని చూసి పాడైనదాన్ని సరిచేయొచ్చు అనేది నేను క్లాసులో పిల్లలకు చెప్పిన మాటే. అదే చేశాను. ఎడమ ఫ్లోట్ కుడిదానికన్నా 3 మిల్లీమీటర్లు తేడాలో ఉంది, గిన్నెలో పెట్రోలు మట్టం దిగువన నిలిచే వైపుకి. ఫ్లోట్ మీది నాలుక వంచి కుడిదానికి సరిపెట్టాను. ఎడమ మెయిన్ జెట్ చిలుం పట్టిందని కుడిదాని మీద ఉన్న నంబరే ఉన్న కొత్తది వేశాను. నీడిల్ ఎత్తును పట్టి ఉంచే లాకు ఎడమదానికి మధ్య గాడిలో ఉంది. కుడిదానికి అన్నిటికన్నా పై గాడిలో ఉంది. లాకు పైకి పోతే నీడిల్ కిందికి దిగుతుంది, పెట్రోలు తగ్గుతుంది. ఎడమది కూడా పై గాడికి మార్చాను. కుడిది బాగా నడుస్తోంది కదా!

బిగించి స్టార్ట్ చేస్తే రెండో కిక్కుకే అందుకుంది. స్లోలో రెండు సైలెన్సర్లూ వేడెక్కాయి. బజారు దాకా వెళ్లొచ్చాను. పక్కింటాయన గేటు దగ్గర నిలబడి విని, "ఆ కాలపు మోతే మోత" అన్నాడు. కుర్రాడికి ఫోన్ చేసి అయిపోయిందని చెప్పేశాను.

అయిపోలేదు. నాకొక అలవాటుంది. బండి ఇచ్చే ముందు నిండా యాక్సిలరేటర్ మీద, బరువు లాగుతూ ఉండగా ఒక్కసారిగా ఇంజన్ కట్టేసి, క్లచ్ పట్టి, అక్కడికక్కడే ప్లగ్గులు చూస్తాను. మెల్లగా ఇంటికొచ్చి చూస్తే ఆ మెల్లగా నడిపిన రంగే కనిపిస్తుంది. మన డెల్టాలో దీనికో ఇబ్బంది ఉంది. నేల బల్లపరుపు, కాలవ గట్ల మీద ఎన్ని మైళ్లు పోయినా ఇంజన్‌కి బరువు తగలదు. ఎత్తెక్కాలంటే వంతెనే ఎక్కాలి. అందుకని తెల్లవారుజామున లారీలు తక్కువున్న వేళ దిండి మీదుగా చించినాడ వంతెనకు వెళ్లాను.

ఎత్తు మొదలయ్యాక పూర్తిగా తిప్పాను. బండి లేవలేదు. కుడి పక్కనుంచి బొద్దుగా గుడగుడమన్న మోత, ఎడమ పక్కనుంచి సన్నగా, గాజు గోళీలు డబ్బాలో ఊపినట్టు. ఆ గోళీల మోత వినగానే ఇంజన్ కట్టేశాను. ఇంకో అర కిలోమీటరు పోయి ఉంటే పిస్టన్ పట్టేసేది. వంతెన పక్కన ప్లగ్గులు విప్పితే కుడిది మసిబొగ్గు, ఎడమది బూడిద రంగు. బజారులో రెండూ బాగున్నాయి, వంతెన మీద ఒకటి ఇటు, ఇంకోటి అటు.

ఇంటికి పావు యాక్సిలరేటర్ మీదే వచ్చి కాఫీ తాగుతూ ఆలోచించాను. బజారులో, సగం యాక్సిలరేటర్ దాకా, పెట్రోలు ఎంత పోవాలో నీడిల్ చెబుతుంది. పూర్తిగా తెరిస్తేనే మెయిన్ జెట్ చేతికి వస్తుంది. కుడి పక్క పూర్తిగా తెరిచినప్పుడు మసి అంటే మెయిన్ జెట్ పెద్దది. కానీ రెంటి మీదా నంబరు ఒక్కటే.

నంబరు నమ్మకుండా జెట్‌ని కొలవాలి. దీనికి 50 మిల్లీలీటర్ల సిరంజి చాలు. సిరంజి లోపలి పిస్టన్ తీసేసి, మూతికి చిన్న పెట్రోలు పైపు ముక్క తొడిగి, రెండో చివర జెట్ గుచ్చాలి. సిరంజిని నిటారుగా కట్టి, నీళ్లలో ఒక చుక్క అంట్ల సబ్బు వేసి పై గీత దాకా నింపాలి. ఖాళీ అయ్యేందుకు ఎన్ని సెకన్లో చూడాలి. సబ్బు చుక్క లేకపోతే నీళ్లు సన్న కన్నం దగ్గర పట్టుకుని లెక్క తప్పుతుంది. ఒక్కో జెట్టు అయిదుసార్లు పోశాను. ఎడమది, నేను కొత్తగా వేసింది, 68 సెకన్లు. కుడిది 57. అదే నంబరు మీద దాదాపు 19 శాతం ఎక్కువ కారుతోంది. భూతద్దం కింద పెడితే కన్నం గుండ్రంగా లేదు, ఒక పక్క గీతలు పడి ఉంది.

కుర్రాడి తండ్రికి ఫోన్ చేశాను. ఆయన వినికిడి కాస్త తక్కువ, గట్టిగా అడగాల్సి వచ్చింది. "ఎప్పుడైనా కుడి పక్క ఎవరైనా ఏమైనా పొడిచారాండీ?"

కాసేపు మాట లేదు. తర్వాత, "ఒకసారి పాలకొల్లు నుంచి వస్తుంటే దార్లో ఆగిపోయిందండి మేష్టారూ. చెత్త అడ్డం పడింది. ఒక కుర్రాడు పంపు స్టవ్వు పిన్నుతో తీశాడు. అప్పట్నుంచి పెట్రోలు బాగా తాగేసేది. తర్వాత ఇంకొకాయన ఏదో లాకు మార్చాడు, సరిపోయింది. పాతికేళ్లు దాటిందండీ."

స్టవ్వు పిన్ను ఉక్కు, జెట్టు ఇత్తడి. ఆ రోజు పోయిన చెత్తతో పాటు కొంత ఇత్తడి కూడా పోయింది. ఎక్కువైన పెట్రోలును అణచడానికి రెండో మెకానిక్ నీడిల్ దించాడు. ఆయన్ని నేను తప్పు పట్టను. పాతికేళ్ల కిందట ఇక్కడ ఈ జెట్టు ఎక్కడ దొరుకుతుంది? పై గాడిలో లాకు, పెద్ద జెట్టు కలిసి బజారు దాకా బాగానే మోసుకొచ్చాయి. నేను చేసిందల్లా అందులోంచి లాకు ఒక్కటీ తీసుకుని మంచి జెట్టు ఉన్న ఎడమ కార్బురేటర్‌కి అంటగట్టడం. రోగి మందు చీటీ పక్కింటివాడికి రాసినట్టు. వచ్చినప్పుడు ఎడమ పక్క లాకు సరైన చోటే ఉంది, దాన్ని చెడగొట్టింది నేను.

తర్వాత పని త్వరగా అయింది. రెంటికీ కొత్త మెయిన్ జెట్లు, కంపెనీ నంబరు కన్నా ఒక సైజు పైవి. ఇది నా నిర్ణయం, దానికి లెక్క ఉంది. ఒక పాలు మామూలు పెట్రోలు పూర్తిగా మండాలంటే 14.7 పాళ్లు గాలి కావాలి. ఇథనాల్‌కి 9 చాలు. 20 శాతం కలిస్తే 13.5 దగ్గరికి వస్తుంది. అంటే 1980ల జెట్టు ఈనాటి పెట్రోలు మీద కాస్త పలచగా నడుస్తుంది. నాలుగు స్ట్రోక్ బళ్లలో నేనిది పట్టించుకోను, టూ స్ట్రోక్‌లో పలచన మీద జూదం ఆడను. కొత్త జెట్లు రెండూ సిరంజిలో పోస్తే 64, 65 సెకన్లు. లాకులు రెండూ మధ్య గాడికి. ఫ్లోట్లు వేడినీళ్లలో ముంచి బుడగలు రావని చూసి, వాటి ఎత్తు ఒకదాన్ని చూసి ఇంకోటి కాకుండా మాన్యువల్‌లోని కొలతకు, వెర్నియర్‌తో సరిచేశాను. అప్పుడు తెలిసింది, కుడిది కూడా 1 మిల్లీమీటరు తేడాలోనే ఉందని.

ఎయిర్ స్క్రూలు రెండూ మెల్లగా ఆనేదాకా తిప్పి, ఒకటిన్నర చుట్లు వెనక్కి. ఈ రకం కార్బురేటర్‌లో ఆ స్క్రూ గాలిది, విప్పితే పలచన, బిగిస్తే చిక్కన. బిగించేటప్పుడు బలం చూపిస్తే మొన పోతుంది.

స్లైడ్లు కలపడానికి గేజీలు వాడలేదు. ఒకే సైజు డ్రిల్ బిట్లు రెండు తీసుకుని, మొద్దు చివరలు స్లైడ్ల కింద పెట్టి, యాక్సిలరేటర్‌ని వెంట్రుక మందం చొప్పున తిప్పాలి. రెండు బిట్లూ ఒకే క్షణంలో జారాలి. మొదటిసారి ఎడమది ముందు పడింది. కేబుల్ అడ్జస్టర్ పావు చుట్టు తిప్పి మళ్లీ, మళ్లీ. పదకొండోసారికి రెండూ కలిసి బల్ల మీద టక్కుమన్నాయి. ఆ తర్వాతే ఆయిల్ పంపు పుల్లీ మీది గుర్తు సరిచూడాలి. స్లైడ్లు కదిపి పంపు మరిచిపోతే ఇంత పనీ గోదాట్లో పోసినట్టే. ట్యాంకు తుప్పు, పెట్రోలు కాక్ జల్లెడ, పొడైపోయిన ఎయిర్ ఫిల్టర్ స్పాంజి మామూలు పనులే, అవీ చేశాను.

చించినాడ వంతెన రెండోసారి ఎక్కినప్పుడు మోత రెండు పక్కలా ఒక్కటే, గోళీలు లేవు. పైన ఆగి ప్లగ్గులు చూస్తే రెండూ ముదురు బిస్కెట్ రంగు, కుడిది రవ్వంత ముదురు. కింద గోదావరి ఇంకా ఎర్రగానే ఉంది గానీ పంటు తిరుగుతోందని అప్పటికే కబురు వచ్చింది. 

బండి తీసుకెళ్లడానికి ఈసారి తండ్రీకొడుకులిద్దరూ వచ్చారు. పెద్దాయన బండి చుట్టూ ఒకసారి తిరిగి, కుడి కార్బురేటర్ మీద చెయ్యి వేసి, "పాతికేళ్లుగా ఇదే మంచిదనుకున్నానండి" అన్నాడు. "నేనూ అంతేనండి" అన్నాను.

రెండు నెలలైంది. ఇప్పటికి రెండు పనులు మిగిలి ఉన్నాయి. కుడి గిన్నెలోకి పెట్రోలు వదిలే ఫ్లోట్ నీడిల్ వాల్వ్ సీటు కొద్దిగా అరిగింది, స్టాండు వేసి రాత్రంతా ఉంచితే గిన్నె కింద తడి కనబడుతోందట. సీటు పుదుపేటలో దొరకలేదు, ఇంకోచోట చెప్పి పెట్టాను. అందాకా బండి ఆపగానే పెట్రోలు కాక్ మూయమన్నాను. రెండోది, నెల రోజులకు మించి బండి తీయని పక్షంలో రెండు గిన్నెలూ ఖాళీ చేసి పెట్టమన్నాను. మొదటిది చేస్తున్నానన్నాడు కుర్రాడు. రెండోదానికి, "నెల రోజులు తియ్యకుండా ఎందుకుంటానండీ మేష్టారూ" అన్నాడు.